ఉత్పత్తి పురోగతి నమోదు

ఉత్పత్తి పురోగతి నమోదు అనగా ఒక తయారీ ఆదేశం క్రింద జరుగుతున్న పని ఎంతవరకు వచ్చినదో ఎప్పటికప్పుడు వ్రాసి ఉంచే పద్ధతి. ఎంత సరుకు మంచిదిగా తయారైనది, ఎంత పాడైనది, ఎంత ముడిసరుకు వాడారు, ఎవరు ఎంతసేపు పనిచేశారు అన్న వివరాలు ఇందులో చేరుతాయి. పూర్వం ఈ వివరాలను జాబ్ కార్డులలోను, రిజిస్టర్లలోను వ్రాసేవారు. నేడు పెద్ద సంస్థలు, అనేక చిన్న సంస్థలు కూడా ఈ పనికి సంస్థాగత వనరుల ప్రణాళిక సాఫ్ట్‌వేరును వాడుతున్నాయి. ఆంగ్ల పదాల మొదటి అక్షరాలను కలిపి ఈ సాఫ్ట్‌వేరును ఈఆర్‌పీ అని వ్యవహరిస్తారు.

ఈ నమోదు గుమాస్తా పనిగా కనిపించినా గిరాకీదారుకు ఇచ్చే గడువు, గిడ్డంగిలోని నిల్వ, సరుకు ఖరీదు, పనివారి కూలి ఈ నాలుగూ దీనిపైనే ఆధారపడి ఉంటాయి. నమోదు తప్పితే ఆ నాలుగూ తప్పుతాయి. ఈ విషయాన్ని సులభంగా గ్రహించుట కొరకు ఈ వ్యాసంలో నెల్లూరు జిల్లా పశ్చిమ భాగాన ఉన్న ఉదయగిరిలో తయారయ్యే కొయ్య చెంచాలను ఉదాహరణగా తీసుకొనడమైనది.

పదజాలం

తయారీ ఆదేశం: ఫలానా వస్తువును, ఇంత సంఖ్యలో, ఫలానా తేదీ లోపల తయారు చేయవలెనని సంస్థ తనకు తాను ఇచ్చుకొనే ఆజ్ఞాపత్రం. దీనిని వేర్వేరు సాఫ్ట్‌వేర్లలో మాన్యుఫాక్చరింగ్ ఆర్డర్, ప్రొడక్షన్ ఆర్డర్, వర్క్ ఆర్డర్ అని పిలుస్తారు. గిరాకీదారు ఇచ్చే కొనుగోలు ఆర్డరు వేరు, ఇది వేరు. ఒక కొనుగోలు ఆర్డరు కొరకు అనేక తయారీ ఆదేశాలు ఇవ్వవలసి రావచ్చును.

సామగ్రి పట్టిక: ఒక వస్తువు తయారీకి ఏయే ముడిసరుకులు ఎంతెంత కావలెనో తెలిపే జాబితా. వంటకు కావలసిన దినుసుల జాబితా వంటిది. దీనిని బిల్ ఆఫ్ మెటీరియల్స్ అంటారు.

పనిదశల వరుస: వస్తువు ఏ క్రమంలో ఏయే పనుల గుండా సాగవలెనో తెలిపేది. దీనిని రౌటింగ్ అంటారు. దశలకు సాధారణంగా 10, 20, 30 అని పదుల లెక్కన సంఖ్యలు ఇస్తారు. తరువాత నడుమ కొత్త దశ చేర్చవలసి వస్తే 15 అనియో 25 అనియో చేర్చుటకు వీలుగా ఉండునని ఈ ఏర్పాటు.

పనికేంద్రం: పనిదశ జరిగే చోటు. అది ఒక యంత్రం కావచ్చును, ఒక బల్ల కావచ్చును, కొందరు పనివారి జట్టు కావచ్చును.

నిర్ధారణ: ఒక దశలో ఇంత పని జరిగినదని నమోదు చేయుట. కన్ఫర్మేషన్ అనే మాట దీనికే వాడతారు.

తయారీలో ఉన్న సరుకు: ముడిసరుకు గిడ్డంగి నుండి బయటకు వచ్చి, ఇంకా తయారైన సరుకుగా మారనిది. వాణిజ్యశాస్త్ర పుస్తకాలలో వర్క్ ఇన్ ప్రోగ్రెస్ అనేది ఇదే.

చరిత్ర

కర్మాగారాలలో పనిని దశలుగా విడదీసి, ప్రతి దశకు కాలం కొలిచి, కార్డులపై వ్రాసే పద్ధతికి అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ ప్రాచుర్యం తెచ్చాడు. షాప్ నిర్వహణపై ఆయన రచన 1903లోను, శాస్త్రీయ నిర్వహణ సూత్రాలపై గ్రంథం 1911లోను వెలువడినాయి. ఆయనతో కలిసి పనిచేసిన హెన్రీ గాంట్ అనుకున్న పనిని, జరిగిన పనిని ఒకే కాగితంపై పట్టీలుగా చూపించే పటాలను రూపొందించాడు. నేటికీ ఈఆర్‌పీ తెరలపై కనిపించే గాంట్ చార్టుకు మూలం అదే.

1960 దశకంలో కంప్యూటర్ల రాకతో, తయారు చేయవలసిన సరుకును బట్టి కావలసిన ముడిసరుకును లెక్కించే ఎంఆర్‌పీ పద్ధతి పుట్టింది. దీనిని తీర్చిదిద్దిన వారిలో ముఖ్యుడైన జోసెఫ్ ఓర్లికీ ఈ విషయంపై 1975లో గ్రంథం ప్రచురించాడు. మొదటి తరం ఎంఆర్‌పీ ప్రణాళిక వేయగలిగేది కాని, కర్మాగారంలో ఆ ప్రణాళిక ఎంతవరకు అమలైనదో దానికి సరిగా తెలిసేది కాదు. ఆ లోపాన్ని సవరించుటకు యంత్రాల సామర్థ్యం, పని పురోగతి, ఖర్చు లెక్కలు కూడా కలిపి 1980 దశకంలో ఎంఆర్‌పీ-2 అనే పద్ధతి వ్యాపించింది. దానికి జమాఖర్చులు, కొనుగోళ్లు, అమ్మకాలు, సిబ్బంది వివరాలు కూడా తోడైన తరువాత 1990లో గార్ట్‌నర్ సంస్థ ఈఆర్‌పీ అనే పేరును వాడుకలోకి తెచ్చింది.

జర్మనీలో ఐబీఎం సంస్థ నుండి బయటకు వచ్చిన ఐదుగురు ఇంజనీర్లు 1972లో స్థాపించిన సాప్ సంస్థ 1992లో ఆర్/3 అనే సాఫ్ట్‌వేరును విడుదల చేసింది. మన దేశంలో చెన్నైకి చెందిన రామ్‌కో సంస్థ 1990 దశకంలోనే మార్షల్ అనే ఈఆర్‌పీని తయారు చేసింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు రంగంలో బెల్జియం దేశంలో 2005లో టైనీఈఆర్‌పీగా మొదలై 2014లో ఓడూగా పేరు మార్చుకున్నది ఒకటి. ముంబయిలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ మరొకటి. ఈఆర్‌పీనెక్స్ట్‌ను, ఓడూ కమ్యూనిటీ రూపాన్ని లైసెన్సు రుసుము లేకుండా వాడుకొనవచ్చును కనుక చిన్న పరిశ్రమలకు ఇవి అందుబాటులో ఉన్నాయి.

నమోదు చేసే వివరాలు

ఒక నిర్ధారణలో సాధారణంగా ఈ క్రింది వివరాలు ఉంటాయి.

- ఆదేశం సంఖ్య, పనిదశ సంఖ్య.
- మంచి సరుకు సంఖ్య. తనిఖీలో నెగ్గి తరువాతి దశకు పోదగినది మాత్రమే ఇందులో చేరుతుంది.
- వృథా అయిన సరుకు సంఖ్య. ఇక పనికిరానిది.
- తిరుగుపని సంఖ్య. సరిచేస్తే పనికివచ్చేది. దీనిని మంచి సరుకులో గాని వృథాలో గాని కలపరాదు.
- వృథాకు కారణం. ముడిసరుకు లోపమా, పనిముట్టు లోపమా, పొరపాటా అన్నది.
- మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, మధ్యలో ఆగిన సమయం.
- వాడిన ముడిసరుకు, ఆ సరుకు వచ్చిన తడవ సంఖ్య.
- పనిచేసిన వారి గుర్తింపు, నమోదు చేసిన వారి గుర్తింపు.
- ఇది పాక్షిక నిర్ధారణా, తుది నిర్ధారణా అన్న సూచన.

ఇందులో చివరి అంశం చిన్నదిగా కనిపించినా ముఖ్యమైనది. పాక్షిక నిర్ధారణ అంటే పని ఇంకా మిగిలి ఉన్నదని అర్థం. తుది నిర్ధారణ అంటే ఆ దశలో ఇక చేయవలసినది లేదని అర్థం. 500కు 480 మాత్రమే తయారైనప్పటికీ తుది నిర్ధారణ ఇస్తే, మిగిలిన 20 కొరకు కేటాయించిన ముడిసరుకును, యంత్రం సమయాన్ని సాఫ్ట్‌వేరు విడుదల చేసి వేరొక ఆదేశానికి ఇచ్చివేస్తుంది.

నమోదు పద్ధతులు

దశవారీ నమోదు: ప్రతి పనిదశ ముగియగానే నమోదు చేస్తారు. సరుకు ఎక్కడ ఉన్నదో స్పష్టంగా తెలుస్తుంది. నమోదు శ్రమ ఎక్కువ.

మైలురాయి నమోదు: కొన్ని ముఖ్య దశలను మాత్రమే మైలురాళ్లుగా ఎంచుతారు. మైలురాయి వద్ద 100 నమోదు చేస్తే దానికి ముందున్న దశలన్నింటిలోను 100 పూర్తయినట్లు సాఫ్ట్‌వేరే వ్రాసుకొంటుంది.

ముగింపు నమోదు: ఆదేశం అంతా పూర్తయిన తరువాత ఒకేసారి నమోదు చేస్తారు. ఒకటి రెండు గంటలలో ముగిసే పనులకు ఇది చాలును. రోజుల తరబడి సాగే పనులకు పనికిరాదు.

సమయ నమోదు: పనివారు మొదలు, విరామం, ముగింపు అనే మీటలను తెరపై నొక్కుతారు. ఓడూలో టాబ్లెట్ ద్వారా, ఈఆర్‌పీనెక్స్ట్‌లో జాబ్ కార్డు ద్వారా ఈ విధంగా చేయవచ్చును. బార్‌కోడ్ చదివే పరికరం ఉంటే టైపు చేయు శ్రమ తగ్గుతుంది.

వెనుక తగ్గింపు: ముడిసరుకు వాడిన ప్రతిసారీ వ్రాయకుండా, తయారైన సరుకు సంఖ్యను నమోదు చేసినప్పుడు సామగ్రి పట్టిక ప్రకారం ముడిసరుకును నిల్వ నుండి దానంతటదే తగ్గించే ఏర్పాటు. దీనిని బ్యాక్‌ఫ్లషింగ్ అంటారు. మేకులు, జిగురు వంటి చిల్లర సరుకులకు ఇది సౌకర్యం. వృథా ఎక్కువగా ఉండే ముడిసరుకుకు, పని చాలా రోజులు సాగే చోట ఇది ప్రమాదకరం. ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఈ తగ్గింపును సామగ్రి పట్టికను బట్టి చేయవలెనా, పనిచోటికి వాస్తవంగా పంపిన సరుకును బట్టి చేయవలెనా అన్నది సంస్థ ఎంచుకొనవచ్చును.

ఆదేశం స్థితులు

పురోగతి నమోదును బట్టి ఆదేశం ఒక స్థితి నుండి మరొక స్థితికి మారుతుంది. సాప్‌లో ఆదేశం మొదట సృష్టించబడిన స్థితిలో ఉంటుంది. విడుదల చేసిన తరువాతనే ముడిసరుకు ఇచ్చుటకు, నిర్ధారణకు వీలవుతుంది. ఆపై పాక్షికంగా నిర్ధారితం, నిర్ధారితం, సరుకు అందినది, సాంకేతికంగా పూర్తి, మూసివేయబడినది అనే స్థితులు వరుసగా వస్తాయి. సాంకేతికంగా పూర్తి అన్న తరువాత ప్రణాళికా విభాగం ఆ ఆదేశం నుండి ఇక సరుకును ఆశించదు. మూసివేసిన తరువాత ఖర్చులు కూడా వ్రాయుటకు వీలుండదు.

సాప్‌లో సరుకు కదలికలకు సంఖ్యలు ఉంటాయి. ఆదేశానికి ముడిసరుకు ఇచ్చుట 261, తయారైన సరుకును గిడ్డంగిలో చేర్చుట 101. పొరపాటు జరిగితే పాత నమోదును చెరిపివేయరు. 262, 102 అనే ఎదురు నమోదులతో రద్దు చేస్తారు. కాగితపు ఖాతాలో తప్పు అంకెను కొట్టివేసి, క్రింది అంకె కనబడేటట్లు ఉంచి, ప్రక్కన సరియైనది వ్రాసి సంతకం చేయుట వంటిదే ఇది.

ఓడూలో డ్రాఫ్ట్, కన్‌ఫర్మ్‌డ్, ఇన్ ప్రోగ్రెస్, టు క్లోజ్, డన్ అనే స్థితులు ఉంటాయి. అనుకున్న దానికన్నా తక్కువ తయారైతే మిగిలిన దానికి వెనుక ఆదేశం సృష్టించవలెనా అని అడుగుతుంది. ట్యాలీలో మాన్యుఫాక్చరింగ్ జర్నల్ అనే ఒకే వోచరులో వాడిన ముడిసరుకును, తయారైన సరుకును కలిపి వ్రాస్తారు. నిల్వ లెక్కకు అది సరిపోతుంది. దశలవారీ పురోగతి కావలసినవారు దానిని విడిగా వ్రాసుకొనవలసి ఉంటుంది.

ఉదాహరణ: ఉదయగిరి కొయ్య చెంచాలు

ఉదయగిరిలో చేతివృత్తిదారులు చేతి పనిముట్లతో కొయ్య చెంచాలు, ఫోర్కులు, గరిటెలు మొదలైనవి తయారు చేస్తారు. చుట్టుప్రక్కల కొండ అడవులలో లభించే నర్ది, బిక్కి, దేవదారి, పాలబరికి వంటి కర్ర ఇందుకు వాడతారు. ఇక్కడి దేవదారి మెట్ట అడవులలో పెరిగే చిన్న చెట్టు. హిమాలయాలలోని దేవదారు వృక్షం కాదు. ఉదయగిరి కొయ్య సామగ్రికి భౌగోళిక గుర్తింపు లభించింది.

ఒక వర్తకుడు 500 చెంచాలు కోరినాడనుకొందాము. ఈ క్రింది అంకెలన్నీ లెక్క తెలియుట కొరకు ఊహించినవి. వృథాను ముందుగానే అంచనా వేసి 540 చెక్క ముక్కలకు సరిపడు కర్రను పనికి ఇచ్చినారు. పనిదశలు, ఒక్కొక్క చెంచాకు అనుకొన్న సమయం ఇవి.

- దశ 10: ముక్కలు కోయుట, 2 నిమిషాలు.
- దశ 20: బాడిసతో, ఉలితో చెక్కుట, 12 నిమిషాలు.
- దశ 30: ఆకురాయి పట్టుట, 6 నిమిషాలు.
- దశ 40: గరుకు కాగితంతో నునుపు చేయుట, 5 నిమిషాలు.
- దశ 50: తనిఖీ చేసి కట్టలు కట్టుట, 1 నిమిషం.

మొత్తం చెంచాకు 26 నిమిషాలు. నాలుగవ రోజు సాయంత్రానికి నమోదులు ఈ విధంగా ఉన్నాయి.

- దశ 10: 540 ముక్కలలో 530 మంచివి. కర్రలో ముడులు, పగుళ్లు ఉండుట వలన 10 వృథా.
- దశ 20: 530 చెక్కగా మొదట 510 మంచివి, 17 వృథా, 3 తిరుగుపని. తిరుగుపనిలో 2 బాగుపడి 1 వృథా అయినది. చివరకు 512 మంచివి, 18 వృథా.
- దశ 30: 350 పూర్తి. 346 మంచివి, 4 వృథా.
- దశ 40: 200 పూర్తి. 199 మంచివి, 1 వృథా.
- దశ 50: 150 పూర్తి. అన్నీ మంచివే, గిడ్డంగికి చేరినవి.

ఈ నమోదుల నుండి సరుకు ఎక్కడెక్కడ ఉన్నదో చెప్పవచ్చును. ఆకురాయి కొరకు వేచి ఉన్నవి 512 నుండి 350 తీసివేయగా 162. నునుపు కొరకు వేచి ఉన్నవి 346 నుండి 200 తీసివేయగా 146. తనిఖీ కొరకు వేచి ఉన్నవి 199 నుండి 150 తీసివేయగా 49. గిడ్డంగిలో 150. మొత్తం వృథా 33. వీటన్నింటినీ కూడితే 540 వస్తుంది. ఇచ్చిన ముక్కలు కూడా 540. ఇచ్చినది ఎల్లప్పుడూ తయారైనది, తయారీలో ఉన్నది, వృథా అయినది ఈ మూడింటి మొత్తానికి సమానం కావలెను. సమానం కాకపోతే ఎక్కడో ఒక నమోదు తప్పిపోయినదని గాని, సరుకు పోయినదని గాని అర్థం.

ఇక పని ఎంత శాతం అయినది అన్న ప్రశ్నకు మూడు సమాధానాలు చెప్పవచ్చును. గిడ్డంగికి చేరిన సంఖ్యను బట్టి 500కు 150, అనగా 30 శాతం. చెక్కుడు దశను బట్టి చూస్తే పని అంతా అయిపోయినట్లే. శ్రమను బట్టి లెక్కించాలంటే ఒక్కొక్క చెంచాపై అప్పటివరకు జరిగిన పనిని కూడవలెను. కట్టలు కట్టినవి 150కి 26 నిమిషాల చొప్పున 3,900. తనిఖీ కొరకు ఉన్న 49కి 25 చొప్పున 1,225. నునుపు కొరకు ఉన్న 146కు 20 చొప్పున 2,920. ఆకురాయి కొరకు ఉన్న 162కు 14 చొప్పున 2,268. మొత్తం 10,313 నిమిషాలు. 500 చెంచాలకు కావలసినది 13,000 నిమిషాలు. కనుక సుమారు 79 శాతం పని జరిగినది.

వర్తకుడు 30 శాతమే అనుకొంటే సరుకు గడువుకు రాదని ఆర్డరును రద్దు చేయవచ్చును. చెక్కుడు అయిపోయినదని విన్నవాడు రేపే లారీ పంపవచ్చును. రెండూ నష్టమే. దశలవారీ నమోదు ఉన్నప్పుడు మాత్రమే మిగిలిన పని ఎంతో, ఎన్ని దినాలు పట్టునో చెప్పుటకు వీలవుతుంది. చేతిలో ఉన్న మంచి చెంచాలు, గిడ్డంగిలోని వాటితో కలిపి, 507 మాత్రమే కనుక ఇకపై ఏడుకు మించి పాడైతే ఆర్డరు నిండదన్న హెచ్చరిక కూడా ఈ లెక్కలోనే ఉన్నది.

ఇదే ఆదేశాన్ని వెనుక తగ్గింపు పద్ధతిలో నడిపి ఉంటే, గిడ్డంగికి చేరిన 150 చెంచాలకు 150 ముక్కలు మాత్రమే తగ్గేవి. వాస్తవంగా 540 బయటకు పోయినవి కనుక పుస్తకంలో 390 ముక్కలు లేకున్నా ఉన్నట్లు కనిపించేవి. వాటిని నమ్మి మరొక ఆర్డరు ఒప్పుకొంటే కర్ర లేక పని ఆగిపోతుంది. అడవి కర్ర కోరినంత కోరినప్పుడు దొరకదు కనుక ఇటువంటి వృత్తిలో ఈ పొరపాటు చాలా నష్టం కలిగిస్తుంది.

ఖర్చు లెక్కలపై ప్రభావం

నమోదైన ప్రతి ముడిసరుకు, ప్రతి పని నిమిషం ఆ ఆదేశం ఖాతాలో ఖర్చుగా చేరుతుంది. తయారైన సరుకు గిడ్డంగికి చేరినప్పుడు అనుకొన్న ధర చొప్పున ఆ ఖాతా నుండి తగ్గుతుంది. నెలాఖరున ఆదేశం ఇంకా నడుస్తూ ఉంటే మిగిలిన మొత్తాన్ని తయారీలో ఉన్న సరుకు విలువగా ఆస్తి పట్టికలో చూపుతారు. ఆదేశం ముగిసి ఉంటే మిగిలినది లాభనష్టాలలోకి వెళ్లే తేడా అవుతుంది. ముడిసరుకు ఎక్కువ వాడుట వలన వచ్చిన తేడా, సమయం ఎక్కువ పట్టుట వలన వచ్చిన తేడా అని దానిని విడదీసి చూస్తారు. వృథాను నమోదు చేయని సంస్థకు తేడా ఎంతో తెలుస్తుంది గాని ఎందుకో తెలియదు.

కూలి, వృథా బాధ్యత

వస్తువుకు ఇంత అని కూలి ఇచ్చే చోట పురోగతి నమోదే కూలి పట్టిక. పై ఉదాహరణలో మొదటి దశలో పోయిన 10 ముక్కలకు కారణం కర్రలోని ముడులు, పగుళ్లు. అది కోసినవాని తప్పు కాదు. కారణం వ్రాయకుండా మంచివి 530 అని మాత్రమే వ్రాస్తే ఆ పది ముక్కల కూలి పనివానికి రాకపోవచ్చును. చెక్కుడులో పోయిన 18 చెంచాలలో కొన్ని లోపల దాగిన పగులు వలన పోయి ఉండవచ్చును, కొన్ని ఉలి జారి పోయి ఉండవచ్చును. కారణాల సంకేతాలు విడిగా ఉంటేనే ఈ వివేచన సాధ్యం. అందువలన కారణాల జాబితాను పనివారితో సంప్రదించి తయారు చేయుట, వారి ఎదుటనే అంకె వ్రాయుట, వ్రాసిన అంకెను వారికి చూపుట న్యాయమైన పద్ధతి. తిరుగుపనికి అదనంగా పట్టిన సమయాన్ని కూడా విడిగా వ్రాయవలెను. లేకపోతే నేర్పరి ఎక్కువ సమయం తీసుకొన్నట్లు కనిపిస్తాడు.

చట్టపరమైన అవసరం

కేంద్ర ఎక్సైజు సుంకం అమలులో ఉన్న కాలంలో కర్మాగారాలు ప్రతిదినం తయారైన సరుకును ఆర్‌జీ-1 అనే రిజిస్టరులో వ్రాసేవి. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను అమలులోకి వచ్చిన తరువాత, ఆ పన్ను క్రింద నమోదైన తయారీదారు వాడిన ముడిసరుకు, తయారైన సరుకు, వ్యర్థాలు, ఉప ఉత్పత్తుల పరిమాణాలతో నెలవారీ ఉత్పత్తి లెక్కలు ఉంచవలెనని 56వ నియమం చెబుతుంది.

ముడిసరుకును బయటి పనివారికి ఇచ్చి వస్తువు చేయించుకొనుటను జాబ్ వర్క్ అంటారు. ఆ విధంగా పన్ను లేకుండా పంపిన ముడిసరుకు సంవత్సరం లోపల తిరిగి రావలెను. యంత్రాల వంటి మూలధన వస్తువులకు గడువు మూడు సంవత్సరాలు. రాకపోతే పంపిన నాడే అమ్మినట్లుగా భావించి పన్ను విధిస్తారు. ఇళ్ల వద్ద పని చేయించే సంస్థలకు ఎవరి వద్ద ఎంత సరుకు ఏ దశలో ఉన్నదో వ్రాసి ఉంచుట ఇందువలన తప్పనిసరి.

మందుల తయారీలో నియమాలు ఇంకా కఠినం. మన దేశంలోని ఔషధ నియమాలలోని షెడ్యూల్ ఎం ప్రకారం ప్రతి తడవకు తయారీ రికార్డు ఉండవలెను. అమెరికాకు మందులు పంపే సంస్థలు ఎలక్ట్రానిక్ రికార్డుల గురించి ఆ దేశం 1997లో అమలుచేసిన నియమాలను కూడా పాటించవలెను. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో చెరగకుండా ఉండవలెనని, పని జరిగినప్పుడే వ్రాయవలెనని ఈ నియమాల సారాంశం.

భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో చేయబడి 2003 సెప్టెంబరు 15న అమలులోకి వచ్చింది. గుర్తింపు పొందిన పేరుతో అమ్మే సరుకు ఆ ప్రాంతంలోనే, ఆ పద్ధతిలోనే తయారైనదని చూపుటకు తడవ సంఖ్యతో కూడిన ఉత్పత్తి నమోదు మంచి సాక్ష్యం అవుతుంది. యంత్రాలపై మరెక్కడో చేసిన చెంచాకు ఉదయగిరి పేరు పెట్టి అమ్మితే నష్టపోయేది ఆ పేరును నిలిపిన చేతివృత్తిదారులే.

తెలుగునాట

హైదరాబాదులో ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్‌తో వేళ్లూనుకొన్న ఔషధ పరిశ్రమలో తడవవారీ రికార్డుల పద్ధతి చిరకాలంగా ఉన్నది. నగరంలోని అమీర్‌పేట శిక్షణా కేంద్రాలలో సాప్ నేర్చుకొని దేశవిదేశాలలో ఉద్యోగాలు పొందిన తెలుగు యువకులు అనేకులు. ఆ సాఫ్ట్‌వేరులో ఉత్పత్తి పురోగతి నమోదు పీపీ అనే విభాగంలో భాగం. ప్రొడక్షన్ ప్లానింగ్ అన్న మాటలకు అది పొట్టిరూపం.

నెల్లూరు జిల్లా పశ్చిమ మండలాలలో పెద్ద కర్మాగారాలు తక్కువ. ఆత్మకూరు ప్రాంతంలోని నారంపేటలో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల పార్కును 2025 మే 1న ప్రారంభించారు. ఇటువంటి పార్కులలో స్థాపించే చిన్న యూనిట్లకు మొదటినుండే సరళమైన పురోగతి నమోదు ఉండుట మేలు. పని పెరిగిన తరువాత పాత లెక్కలను సరిదిద్దుట కష్టం.

ఈ ప్రాంతం వారికి పురోగతి నమోదు కొత్త విషయం కాదు. సోమశిల జలాశయం వంటి నీటిపారుదల పనులలో ఇంజనీర్లు వాడే కొలతల పుస్తకం, అనగా ఎం-బుక్, ఇటువంటిదే. జరిగిన పనిని కొలిచి, తేదీతో వ్రాసి, సంతకం చేసిన తరువాతనే బిల్లు చెల్లిస్తారు. కొలతకు, చెల్లింపుకు ఉన్న ఈ సంబంధమే కర్మాగారంలోని నిర్ధారణకు, కూలికి కూడా ఉన్నది.

సాధారణ పొరపాట్లు

- వారాంతంలో ఒకేసారి నమోదు చేయుట. మధ్యలో సరుకు ఎక్కడ ఉన్నదో ఎవరికీ తెలియదు, జ్ఞాపకం మీద వ్రాసిన అంకెలు తప్పుతాయి.
- వృథాను దాచి మంచి సరుకులో కలుపుట. తరువాతి దశలో సరుకు తక్కువ పడి తగాదా వస్తుంది.
- ఒకే నిర్ధారణను రెండుసార్లు నమోదు చేయుట. లేని సరుకు నిల్వలో కనిపిస్తుంది.
- ప్రమాణాల తేడా. కర్రను కిలోలలో కొని ముక్కలలో ఇచ్చినప్పుడు మార్పిడి సంఖ్య సరిగా లేకుంటే నిల్వ తప్పుతుంది.
- ముడిసరుకు నిల్వ లేక తగ్గింపు విఫలమైనప్పుడు పట్టించుకొనకపోవుట. సాప్‌లో ఇటువంటి విఫల కదలికలు సీఓజీఐ అనే జాబితాలో పేరుకొంటాయి. దానిని ప్రతిదినం చూసి సరిచేయవలెను.
- ముగిసిన ఆదేశాలను మూసివేయకపోవుట. రాని సరుకును ప్రణాళిక ఆశిస్తూ ఉంటుంది.
- అనుకొన్న సమయాన్నే జరిగిన సమయంగా వ్రాయుట. అప్పుడు నమోదు వలన నేర్చుకొనేది ఏమీ ఉండదు.

చిన్న సంస్థలో నమోదు

కంప్యూటరు లేని చోట కూడా ఈ పద్ధతిని పాటించవచ్చును. ఒక్కొక్క ఆదేశానికి ఒక అట్టముక్క చాలును. పైన ఆదేశం సంఖ్య, వస్తువు, సంఖ్య, గడువు తేదీ వ్రాసి, క్రింద దశకొక వరుస చొప్పున తేదీ, అందినవి, మంచివి, వృథా, తిరుగుపని, కారణం, చేసినవారి పేరు అనే గడులు గీయవలెను. ఆ అట్ట సరుకు బుట్టతో పాటే ఒక దశ నుండి మరొక దశకు వెళ్లవలెను. దినాంతాన అన్ని అట్టల అంకెలను ఒక పుస్తకంలోకి ఎత్తి, ఇచ్చినది, తయారైనది, తయారీలో ఉన్నది, వృథా అయినది సరిపోయినవో లేదో చూసుకొనవలెను. ఈ అలవాటు ఉన్న సంస్థకు తరువాత ఏ సాఫ్ట్‌వేరు తెచ్చుకొన్నా అది సులభంగా అమరుతుంది. ఈ అలవాటు లేని సంస్థకు ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరు తెచ్చినా అందులో చేరేవి తప్పు అంకెలే.

ఇవి కూడా చూడండి

- ఉదయగిరి
- ఆత్మకూరు (నెల్లూరు జిల్లా)
- సోమశిల జలాశయం
- భౌగోళిక గుర్తింపు
- వస్తుసేవల పన్ను